మూడో గుండీ

ఆ సినిమాలో నా తమ్ముడు శవం.

మొదట కాసేపు బతికే ఉంటాడు. జోరువానలో తడుస్తూ ఒక పెద్ద బంగళాకి వచ్చే బీమా ఏజెంటు వాడు. వాళ్లిచ్చిన టీ తాగుతాడు, రెండు ముక్కలు మాట్లాడతాడు, సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు. ఆ ఇంట్లో ఉన్న ఎనిమిది మందిలో ఎవరికి వాళ్లు తమవల్లే పోయాడనుకుంటారు. ఒకరికి తెలియకుండా ఒకరు శవాన్ని దాచడం మొదలుపెడతారు. సోఫా మీంచి స్నానాల గదికి, అక్కణ్ణించి బట్టల బీరువాకి, బీరువాలోంచి భోజనాల బల్ల కిందికి. చివరికి చంపిందెవరో తేలుతుంది. ఈలోగా జనం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ ఉంటారు.

సినిమా విడుదలయ్యేనాటికి తమ్ముడు నిజంగానే లేడు. జ్వరమని ఆసుపత్రిలో చేర్చాం. నడిచి వెళ్లినవాడు నడిచి రాలేదు. ఎందుకు పోయాడని అడిగితే పెద్ద డాక్టరు కూడా ఒక మాట మీద నిలబడి చెప్పలేకపోయాడు.

నేను పాఠాలు చెప్పే బడికి వేసవి సెలవులిచ్చిన వారమే సినిమా వచ్చింది. వీధి మలుపులో పోస్టరు అంటించారు. పైన ఎనిమిది మొహాలు, కింద ఒక బల్ల, బల్ల కింది నుంచి బయటికి వచ్చిన రెండు కాళ్లు. అమ్మ కూరగాయలకని వెళ్లి ఖాళీ సంచితో తిరిగి వచ్చింది.

"చెప్పులు వాడివే పెట్టుకున్నాడు," అంది. "మడమ దగ్గర అరిగిపోయిన జత."

తమ్ముడి భార్య, నా మరదలు, మందుల షాపులో పనికి బయల్దేరుతూ, భుజానికి సంచి తగిలించుకుంటూ గుమ్మంలో ఆగిపోయింది.

"రేపు మ్యాట్నీకి వెళ్దాం," అంది అమ్మ.

"అందులో వాడు చచ్చిపోతాడమ్మా."

"తెలుసు. చొక్కాలు కుట్టింది నేను కాదూ?"

"నేను రాను అత్తయ్యా," అంది మరదలు చెప్పులు వేసుకుంటూ. "నన్ను రమ్మనకండి."

అమ్మ ఆమెను బలవంతపెట్టలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ పెట్టలేదు.

చొక్కాల సంగతి చెప్పాలి. అది పెద్ద డబ్బున్న సినిమా కాదు. తమ్ముడితో పాటు నాటకాలు వేసిన కుర్రాడే దానికి డైరెక్టరు. శవానికి ఒకే రకం చొక్కాలు చాలా కావాలన్నారు. పొడిది ఒకటి, వానలో తడిసింది ఒకటి, టీ ఒలికింది ఒకటి, బీరువా తలుపులో ఇరుక్కుని చిరిగింది ఒకటి. బయట కుట్టిస్తే తడిసి మోపెడవుతుందని తమ్ముడు గుడ్డ తెచ్చి అమ్మ మిషను మీద పడేశాడు. బూడిదరంగు మీద సన్నటి నీలం గీతలు. గుండీలు మాత్రం తెల్లవి, పెద్దవి. అమ్మ అన్నీ ఒకే కొలతకి కుట్టి, ఎందుకైనా మంచిదని ఒకటి ఎక్కువే కుట్టింది. అది ఇంట్లోనే ఉండిపోయింది.

షూటింగుకు ముందు వాడు రోజూ సాయంత్రం ఆ చొక్కా వేసుకుని హాల్లో చాప కూడా లేకుండా వెల్లకిలా పడుకునేవాడు. అమ్మ మిషను ఆపి, స్టూలు దగ్గరికి లాక్కుని, వాడి పొట్ట మీదికి వంగి కూర్చునేది.

"కదిలింది."

"ఎక్కడ కదిలింది?" శవం కళ్లు తెరవకుండానే అడిగేది.

"మూడో గుండీ."

"ఫ్యాను గాలికమ్మా."

"ఫ్యాను కట్టేసే ఉందిరా."

చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి దొంగనిద్ర పోయేవాడు. అప్పుడూ అమ్మ వాణ్ణి పొట్ట చూసే పట్టుకునేది. "ఇరవయ్యేళ్లుగా పట్టుకుంటున్నావు, ఒక్కసారైనా వదిలిపెట్టు," అనేవాడు. మరదలు చీపురు పట్టుకుని వచ్చి నిలబడేది. "అత్తయ్యా, శవాన్ని కాస్త పక్కకి జరగమనండి, ఇల్లూడ్చుకోవాలి." శవం ఒక పొర్లు పొర్లి మళ్లీ చచ్చిపోయేది.

ఒకరోజు లేచి కూర్చుని అమ్మతో, "కదలడం మానేదాకా నువ్వు చూస్తూ ఉండాల్సిందే," అన్నాడు.

"చూడక ఏం చేస్తాను," అంది అమ్మ.

*

మేం వెళ్లిన మొదటిరోజు సినిమా హాలు సగం పైగా నిండింది. బాగున్న సినిమా అని అప్పటికే మాట పాకింది. నేను తెర వైపు చూడలేకపోయాను. వాడి గొంతు వినపడగానే తల పక్కకి తిప్పేసుకున్నాను. ఇక చూడడానికి మిగిలింది జనమే. తరగతిలో పిల్లల మొహాలు చూసే అలవాటున్న దాన్ని కాబట్టి అది నాకు కష్టం కాలేదు.

ముందు వరుసలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలతో నవ్వుతోంది. ఒక ముసలాయన నవ్వడు, పక్కవాళ్లు నవ్వితే వాళ్లకేసి చూస్తాడు. కాలేజీ పిల్లలు ఎవరు చంపారో పందెం కాసుకుంటున్నారు. "వంటావిడే, రాసిపెట్టుకో." "ఛ, వంటావిడకి అంత తెలివుంటే ఆ బంగళాలో ఎందుకుంటుంది?" మా వెనక వరుసలో ఎవరో ఈల వేసినట్టు సన్నగా, ఊపిరాడకుండా నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. మా బడి డ్రిల్లు మాస్టారిది.

శవాన్ని సోఫా మీద కూర్చోబెట్టి, దాని చుట్టూ ఎనిమిది మందీ ఒకేసారి పోట్లాడుకునే సన్నివేశం వచ్చింది. ఎవరి మాట ఎవరికీ వినపడదు, మధ్యలో శవం భుజం మీద ఒకరి తర్వాత ఒకరు చెయ్యి వేసి ఒట్టు పెడుతుంటారు. హాలు హాలంతా నవ్వుల్లో పొర్లిపోయింది. అప్పుడు అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"కదిలింది," అంది.

నేను అమ్మ మొహం చూశాను. తెర వెలుగు ఆమె కళ్లద్దాల్లో ఆడుతోంది. అమ్మ నవ్వడం లేదు, ఏడవడమూ లేదు. ఇంట్లో స్టూలు మీద కూర్చున్నప్పటి మొహమే.

ఇంటర్వెల్లో డ్రిల్లు మాస్టారు మమ్మల్ని చూశారు. ఆయన చేతిలో ఉన్న టీ అలాగే ఉండిపోయింది.

"టీచర్ గారూ... నేను... చూసుకోలేదండీ."

"ఏం పర్లేదు మాస్టారూ."

"అమ్మగారూ, మీరేమీ అనుకోవద్దు. నవ్వాపుకోలేకపోయాను."

"ఎందుకు ఆపుకోవడం?" అంది అమ్మ. "నవ్వుతారనే కదా వాడంత కష్టపడ్డాడు. నవ్వండి బాబూ."

మాస్టారు రెండో సగం అంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. శవం బల్ల కింది నుంచి జారి చెప్పులు బయటపడ్డప్పుడు మాత్రం ఆయన వల్ల కాలేదు. ఈల మొదలైంది. దాన్ని దగ్గులోకి మార్చబోయి ఇంకా పెద్దది చేసుకుని, లేచి బయటికి వెళ్లిపోయారు.

దారిలో అమ్మ ఒక్కమాటే అంది. "ఆసుపత్రిలో చివర్లో ఊపిరి పీల్చింది మిషను. పైకీ కిందికీ ఒకే తూకంగా. ఇది అలా కాదు, వాడు పీల్చిందే."

*

ఆ తర్వాత రోజూ వెళ్లాం.

అమ్మ పొద్దున్నే కుట్టుపని ముగించుకుని, జడ వేసుకుని, మధ్యాహ్నానికి సిద్ధంగా ఉండేది. ఎండ మండిపోయేది. గొడుగు కింద ఇద్దరం గోడల నీడ పట్టుకుని నడిచేవాళ్లం. ఎవరైనా అడిగితే పనుందని చెప్పేదాన్ని. అది అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు.

గేటు దగ్గర టిక్కెట్లు చింపే పెద్దాయన మొదట్లో మమ్మల్ని ఏసీ కోసం వచ్చేవాళ్లమనుకున్నాడు. "ఇంట్లో కూలరు చెడిపోయిందా పిన్నిగారూ?" అని వెటకారంగా అడిగేవాడు. తర్వాత ఎవరు చెప్పారో, ఆ మాట మానేసి అమ్మకి ఏసీ గాలి బాగా తగిలే కుర్చీ అట్టేపెట్టడం మొదలుపెట్టాడు.

ఒకరోజు హాలు బయట కాలేజీ పిల్ల ఒకతె అమ్మని పట్టుకుంది. "బామ్మగారూ, మీరు ఇదివరకు చూసే ఉంటారు కదా? చంపిందెవరో చెప్పెయ్యండి, టెన్షన్ భరించలేకపోతున్నాను."

"నాకు తెలీదమ్మా," అంది అమ్మ.

"మొన్న కూడా మిమ్మల్ని ఇక్కడే చూశానుగా!"

"చూశాను. తెలీదు."

ఆ పిల్ల నా వైపు తిరిగి కన్ను గీటింది. ముసలావిడ గడుసుదే అన్నట్టు. అమ్మ చెప్పింది నిజమే. సోఫా సన్నివేశం దాటాక ఆమె తెర మీద ఏదీ చూసేది కాదు.

నేను మాత్రం ఆ సన్నివేశమే చూడలేదు. ఒక్కసారి కూడా. రోజూ అమ్మ చెయ్యి నా మణికట్టు మీద పడేది, "కదిలింది" అనేది, నేను జనం మొహాలు చూస్తూ తల ఊపేదాన్ని. చూద్దాంలే, రేపు చూద్దాం అనుకునేదాన్ని.

*

అమ్మ ఒక్కతే చూసిన దాన్ని జనం కూడా చూశారు.

ఎవరో హాల్లో కూర్చుని ఫోన్లో తీసి, ఆ కాస్త ముక్కనీ లోకం మీద వదిలారు. తమ్ముడి పొట్ట చుట్టూ ఎర్రటి సున్నా గీశారు. వెనకాల గురక చప్పుడు కలిపారు. కింద రాతలు. 'ఈ శవానికి నాకంటే ఆరోగ్యం బాగుంది.' 'చచ్చినా బీమా పాలసీ అమ్మేదాకా వదలడు.' 'ఎనిమిది మందిలో ఒక్కడు కూడా నాడి చూడలేదా?' ఇప్పుడు హాల్లో ఆ సన్నివేశం కోసం జనం కాచుకుని కూర్చునేవాళ్లు. రాగానే, "అదిగో పీల్చాడు!" అని ఒకడు అరిచేవాడు. అందరూ కలిసి పెద్దగా ఊపిరి పీల్చి వదిలేవాళ్లు. హాలంతా ఒకేసారి.

అమ్మకి అది కోపం తెప్పిస్తుందని భయపడ్డాను. "అందరికీ కనిపిస్తోందే," అంది మెల్లగా, నావైపు వంగి. ఆ రోజు ఇంటికి వెళ్లాక రెండు ముద్దలు ఎక్కువ తింది.

మరదలు పరిస్థితి వేరు. ఆ వారంలో ఒక సాయంత్రం షాపు నుంచి వచ్చి, సంచి దించకుండానే వంటింట్లో నా పక్కన నిలబడింది.

"ఇవాళ ఒకాయన దగ్గు మందుకి వచ్చాడు వదినా. నేను బిల్లు వేసేలోపు ఫోను నా మొహం ముందు పెట్టాడు. 'చూశారా మేడమ్, ఈ శవాన్ని?' అని."

"ఏమన్నావు?"

"ఏమంటాను? ఆయనకేం తెలుసు? నవ్వుతున్నాడు పాపం, నేను కూడా నవ్వాలని చూస్తున్నాడు." సంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ, "నేనూ నవ్వాను వదినా," అంది.

పొయ్యి మీద నీళ్లు మరిగి పొంగాయి. ఇద్దరిలో ఎవరం కట్టెయ్యలేదు.

అమ్మ రోజూ ఎందుకు వెళ్తోందో ఆమెకి అప్పుడే చెప్పి ఉండవచ్చు. కానీ ఆ మొహం చూస్తూ, నీకు నరకంగా ఉన్నదే అమ్మకి ప్రాణంగా ఉందని ఎలా చెప్పడం? అమ్మ కొడుకుని చూసుకోవడానికి వెళ్తోందని మాత్రమే మరదలికి తెలుసు. ఆ ఇంట్లో మేం ముగ్గురం ఒకరి ముందు ఒకరం అతి జాగ్రత్తగా మసలుకుంటున్న రోజులవి.

మర్నాడు మధ్యాహ్నం, షాపులో జనం లేనప్పుడు, మరదలు డైరెక్టరుకి ఫోన్ చేసింది. నాకు చెప్పింది మాత్రం రెండు రోజుల తర్వాత.

"ఆ ఊపిరి కదలిక తీసేస్తానన్నారు వదినా. శుక్రవారం నుంచి అన్ని హాళ్లలో కొత్తది వేస్తారట. ఇంకెవరూ నవ్వరు." చాలా రోజుల తర్వాత ఆమె మొహం కాస్త తేటపడింది. "నేనూ వస్తాను ఈసారి. అత్తయ్యతో కలిసి చూస్తాను."

నేను డాబా మీదికి వెళ్లి డైరెక్టరుకి ఫోన్ చేశాను.

"అక్కా, మీకు ముందే చెప్పాల్సింది," అన్నాడు అతను. "నాకూ నిద్రపట్టడం లేదు ఆ కామెంట్లు చదివి. వాడు చాలా బాగా చేశాడక్కా. ఆ టేకులో ఎనిమిది మందికీ మాటలు అతుక్కుపోయినట్టు కుదిరాయి. అంత బాగా మళ్లీ రాలేదు. వాడి ఊపిరి నేను ఎడిటింగులోనే చూశాను. ఎవరు గమనిస్తారులే అనుకున్నాను."

"ఇప్పుడు ఏం చేశారు? కత్తిరించారా?"

"లేదక్కా, కత్తిరిస్తే మిగతావాళ్ల మాటలు పోతాయి. వాడి ఒక్కడి బొమ్మ నిలిపేశాం. చుట్టూ అందరూ కదులుతుంటారు, వాడు మాత్రం కదలడు. తెలియనే తెలియదు."

"పాతదే ఉంచడం కుదరదా?" అని అడిగాను.

"మీ మరదలు ఏడ్చిందక్కా ఫోన్లో," అన్నాడు. "కొత్తది అన్ని హాళ్లకీ వెళ్లిపోయింది. ఇప్పుడు నా చేతిలో లేదు."

ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు. చెబితే ఆమె అడిగింది తప్పవుతుంది. హాలుకి వెళ్లి ప్రొజెక్టరు గది ఆపరేటరుని కూడా అడిగి చూశాను. సినిమా ఇప్పుడు రీళ్లలో రాదని, హార్డ్ డిస్కు డబ్బాలో వస్తుందని, కంపెనీవాళ్లు కంప్యూటరుకి పంపిన తాళం ఉంటేనే తెరుచుకుంటుందని, పాతదానికి గురువారంతో తాళం పడిపోతుందని ఓపిగ్గా చెప్పాడు. "నేను మీట నొక్కేవాణ్ణి, అంతే టీచర్ గారూ."

ఆ రాత్రి ఎవరో నా ఫోనుకి పంపిన ఆ వీడియో ముక్కని అమ్మకి చూపించాను, అది చాలేమోనన్న ఆశతో. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది.

"ఈ ఎర్ర సున్నా ఎందుకు?" అంది. "సరిగ్గా గుండీ మీదే గీశారు. ఏం కనిపిస్తుంది?"

*

శుక్రవారం ఎండ ఎక్కువగా ఉంది, ఇవాళ వద్దమ్మా అన్నాను. అమ్మ వినలేదు. వినకపోవడానికి కారణం ఉంది. కోడలు వస్తానంది.

మరదలు షాపులో పూట సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరి మధ్యా ఆమెను కూర్చోబెట్టింది అమ్మ. దీపాలు ఆరేముందు ఆమె వైపు వంగి, "నీకొకటి చూపిస్తాను. ఎవరికీ చెప్పలేదు, మీ వదినకి తప్ప," అంది.

"ఏమిటి అత్తయ్యా?"

"చొక్కా మీద మూడో గుండీ. సోఫా దగ్గర అందరూ అరుచుకుంటారు చూడు, అప్పుడు. వాళ్లెవరినీ చూడకు. గుండీనే చూడు."

మరదలు తల నా వైపు తిరిగింది. చీకటిలో నాకు ఆమె కళ్లు మాత్రమే కనిపించాయి. తాను తీయించేసింది ఏమిటో ఆమెకి అర్థమైంది. సినిమా మొదలైంది.

వాన, బంగళా, టీ కప్పు. వాడి గొంతు విని మరదలు పైట చెంగు నోట్లో కుక్కుకుంది. వాడు పోయాడు. హాల్లో కొందరు సోఫా సన్నివేశం కోసం అప్పుడే సర్దుకుని కూర్చున్నారు. ఎనిమిది మందీ చుట్టూ చేరారు. పోట్లాట మొదలైంది. అమ్మ చెయ్యి వెళ్లి కోడలి మణికట్టు మీద పడింది.

ఆ రోజు నేను కూడా తెర వైపు చూశాను. బూడిదరంగు చొక్కా, నీలం గీతలు, అమ్మ కుట్టిన తెల్ల గుండీలు. పై నుంచి లెక్కపెట్టుకున్నాను. మూడోది నిశ్చలంగా ఉంది. చుట్టూ చేతులు ఊగుతున్నాయి, మాటలు పడుతున్నాయి, ఎవరో వాడి భుజం మీద ఒట్టు పెట్టారు. గుండీ కదల్లేదు.

"అదిగో పీల్..." అని వెనక నుంచి ఒకడు అరవబోయి ఆగిపోయాడు. "ఏంట్రా, తీసేశారా?" "పోరా, ఇందుకోసమే వచ్చాను నేను." ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

సన్నివేశం అయిపోయింది. శవాన్ని స్నానాల గదికి మోసుకుపోయారు. అమ్మ చెయ్యి కోడలి మణికట్టు మీదే ఉంది.

"ఇవాళ కదల్లేదు," అంది అమ్మ.

మరదలు ఏదో అనబోయింది. "అత్తయ్యా, నేను..."

"బాగా చేశాడు కదూ?" అంది అమ్మ. "ఎంతకాలానికి నేర్చుకున్నాడో చూడు."

ఇంటర్వెల్లో బయటికి వచ్చేశాం. గేటు పెద్దాయన ఆశ్చర్యపోయాడు. "ఏం పిన్నిగారూ, సగంలోనే? రేపొస్తారుగా?"

"రాను బాబూ," అంది అమ్మ. "వాణ్ణి ఇంక చూస్తూ ఉండక్కర్లేదు."

దారంతా మరదలు గొడుగు అమ్మ వైపే పట్టి, తాను ఎండలో నడిచింది. ఎవరు తీయించారని అమ్మ అడగలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా అడగలేదు.

తర్వాత, బడి తెరిచే ముందు వచ్చిన ఆదివారం. నేను వెనక గదిలో పుస్తకాలకి అట్టలు వేసుకుంటున్నాను. కుట్టుమిషను చప్పుడు వినపడుతూ వినపడుతూ ఆగిపోయింది. ఎంతసేపటికీ మళ్లీ మొదలవకపోతే లేచి వెళ్లాను.

మరదలు హాల్లో చాప కూడా లేకుండా నేల మీద నిద్రపోతోంది. మిగిలిపోయిన ఆ చొక్కా ఒంటి మీద వేసుకుంది. చేతులు ఆమెకి పొడుగై వేళ్ల దాకా వచ్చాయి. పక్కన అమ్మ స్టూలు మీద ముందుకు వంగి కూర్చుని ఉంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అమ్మ తల తిప్పకుండానే, చప్పుడు చేయొద్దన్నట్టు నాకు చెయ్యి చూపించింది.

"కదులుతోంది," అంది.